నాయన రాయని కాగితం

మా ఇంట్లో ఆస్తి గొడవలు లేవు. అన్న, నేను, తమ్ముడు ముగ్గురం. ఆస్తి దగ్గర మాటా మాటా అనుకున్న రోజు ఒక్కటీ లేదు. అయినా నాయన పోయాక ఆయన పేరు మీదున్న నాలుగున్నర ఎకరాల వ్యవహారం తేలడానికి మాకు మూడేళ్ళు పట్టింది. వీలునామా అనగానే కోర్టుకెక్కిన అన్నదమ్ములే అందరికీ గుర్తొస్తారు. కొట్టుకోని ఇంట్లో కూడా అది లేకపోతే ఏమవుతుందో మేం పడ్డాం కాబట్టి రాస్తున్నాను.

బుచ్చిరెడ్డిపాళెం దగ్గర పల్లె మాది. కనిగిరి రిజర్వాయర్ కాలువ కింద వరి కయ్యలు. నాయన ఆర్టీసీలో కండక్టరుగా చేశాడు. జీతంలో మిగుల్చుకుంటూ, ఒకసారి అమ్మ గొలుసు కూడా కుదువ పెట్టి, మూడు దఫాలుగా కొన్న పొలం అది. తాతల నుంచి వచ్చింది సెంటు కూడా లేదు. ఊళ్ళో ఇల్లూ ఆయన కట్టిందే. అన్న బెంగళూరులో ఉద్యోగం. నేను నెల్లూరులో టీచర్ని. తమ్ముణ్ణి ఇంట్లో చిన్నోడు అంటాం. ఇప్పుడు వాడికి ముప్పై రెండేళ్ళు. పుట్టుకతోనే బుద్ధిమాంద్యం. స్నానం, తిండి, బట్టలు అన్నీ తానే చూసుకుంటాడు. ఊళ్ళో అందరి పేర్లూ తెలుసు. డబ్బు లెక్క మాత్రం తెలీదు. ఇరవై నోటూ ఐదొందల నోటూ వాడికి ఒకటే.

ఈ చిన్నోడి గురించే అమ్మ ఒకసారి నాయన్ని అడిగింది. "మన తర్వాత వీడి గతేంటి, ఏదన్నా రాసి పెట్టరాదా?" అని. నాయనకి కోపమొచ్చింది. "నా బిడ్డలు కొట్టుకునేవాళ్ళా? వాళ్ళకి కాగితాలెందుకు? అప్పుడే నన్ను పంపించేస్తావా?" అన్నాడు. ఆ తర్వాత అమ్మ ఆ మాట ఎత్తలేదు. చావు గురించి ఇంట్లో మాట్లాడటమే అశుభం అనుకునే మనుషులం కదా. అదేదో అప్పుడే గట్టిగా అడిగుంటే బాగుండేదని అమ్మ ఇప్పటికీ బాధపడుతుంది.

2020 ఆగస్టులో నాయన పోయాడు. గుండెపోటు. పొద్దున కయ్యలకి నీళ్ళు కట్టొచ్చి, కాఫీ తాగి కూర్చున్న మనిషి, కూర్చున్నట్టే పోయాడు.

మొదటి నెలంతా వెతుకులాటతోనే సరిపోయింది. ఏ బ్యాంకులో ఎంతుందో, బాండ్లు ఎక్కడున్నాయో, ఎవరికి చేబదులు ఇచ్చాడో, ఎవరి దగ్గర తీసుకున్నాడో అమ్మకి తెలీదు. ఫోన్ లాక్ ఏంటో ఎవరికీ తెలీదు. ఇనప్పెట్టెలో బట్టల కింద ఒక పాత టికెట్ల పుస్తకం అట్ట దొరికింది. దాని వెనకాల పెన్సిల్‌తో నాలుగు పేర్లు, పక్కన అంకెలు. అవి ఇవ్వాల్సినవా, రావాల్సినవా అనేది మాత్రం రాయలేదు. అన్న ఆ నలుగురి ఇళ్ళకీ వెళ్ళి అడిగాడు. ఇద్దరు తామే బాకీ అని ఒప్పుకుని తెచ్చిచ్చారు. ఒకాయన తనకే రావాలన్నాడు. నాలుగో పేరెవరిదో ఈనాటికీ తెలీదు.

బ్యాంకులో రెండు డిపాజిట్లున్నాయి. ఒకదానికి అమ్మ నామినీ. డెత్ సర్టిఫికెట్, ఆధార్ ఇస్తే వారంలో పని అయిపోయింది. రెండో దానికి నామినీ పేరు రాయాల్సిన గడి ఖాళీ. అందులో ఉన్నది లక్షా ఎనభై వేలే. ఆ డబ్బు చేతికి రావడానికి వారసులందరి సంతకాలు, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, స్టాంపు కాగితం మీద హామీ పత్రం, ఇద్దరు జామీనుదారులు కావాలన్నారు. ఒక్క గడి నింపనందుకు ఐదు నెలలు తిరిగాం.

ఇక పొలం. "సంవత్సరీకం కాకముందే ఆస్తి మాటేంటి?" అన్నారు పెద్దవాళ్ళు. మాకూ అదే సబబుగా తోచింది. నాయన దిగులు తీరకముందే పాస్‌బుక్కులు పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరగడం తప్పనిపించింది. ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ ఒక్కటి మాత్రం బ్యాంకు కోసం తీసుకున్నాం. అర్జీ పెట్టాం, ఊళ్ళోకొచ్చి విచారణ చేసుకుని వెళ్ళారు, సర్టిఫికెట్ వచ్చింది. అందులో నాలుగు పేర్లు: అమ్మ, అన్న, నేను, చిన్నోడు.

అందులో ఐదో పేరు ఉండాలని మాకు తెలీదు. విచారణకి వచ్చినవాళ్ళూ అడగలేదు.

మా అవ్వ, అంటే నాయన్ని కన్న తల్లి, అప్పటికి బతికే ఉంది. ఎనభై నాలుగేళ్ళు. పక్క ఊళ్ళో చిన్నాయన దగ్గర ఉండేది. రేషన్ కార్డులో ఆమె పేరు వాళ్ళింటి లెక్కలో ఉంది కాబట్టి మా ఇంటి జాబితాలోకి రాలేదు. కొడుకు పోయిన దిగులుతో అవ్వ మంచం పట్టింది. 2021 జులైలో, నాయన సంవత్సరీకానికి ఇంకా నెల ఉందనగా తనూ పోయింది.

సంవత్సరీకం అయ్యాక పొలం అమ్మ పేరు మీదికి మార్పిద్దామని నెల్లూరులో లాయర్ గారి దగ్గరికి వెళ్ళాం. పెద్దాయన. మా స్కూల్ హెడ్‌మాస్టర్ గారికి తెలిసిన మనిషి. సర్టిఫికెట్ చూసి మొట్టమొదట అడిగిన మాట, "మీ నాయన చనిపోయిన రోజుకి ఆయన తల్లి ఉన్నారా?" ఉందండీ, మొన్నే పోయింది అన్నాం. ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, తెల్లకాగితం ఒకటి ముందుకి లాక్కున్నారు.

ఆయన వేసి చూపించిన లెక్క నాకు నోటికొచ్చేసింది. వీలునామా లేకుండా హిందూ పురుషుడు చనిపోతే 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం ఆయన ఆస్తి ముందుగా ఒకటో తరగతి వారసులకి పోతుంది. భార్య, కొడుకులు, కూతుళ్ళు, వాళ్ళతోపాటు తల్లి. అందరికీ సమానం. తండ్రి బతికున్నా ఈ మొదటి వరసలో ఉండడు, తల్లి ఉంటుంది. అంటే నాయన నాలుగు వందల యాభై సెంట్లు ఐదు భాగాలు. అమ్మకి తొంభై, అన్నకి తొంభై, నాకు తొంభై, చిన్నోడికి తొంభై, అవ్వకి తొంభై.

ఇప్పుడు అవ్వ కూడా ఏమీ రాయకుండా పోయింది. ఆమె తొంభై సెంట్లు ఆమె పిల్లలకి. చిన్నాయనకి ముప్పై, మా మేనత్తకి ముప్పై. ముందే పోయిన కొడుకు వాటా ముప్పై సెంట్లు ఆయన పిల్లలం ముగ్గురికి, తలా పది. అవ్వ వాటాలో అమ్మకి ఏమీ రాదు, ఎందుకంటే ఆమె కోడలు.

నాయన రూపాయి రూపాయి కూడబెట్టి కొన్న పొలంలో ఇప్పుడు ఆరుగురికి హక్కుంది. ఇల్లూ అదే లెక్క. అమ్మ ఆ కాగితం వంక చాలాసేపు చూసి, "మా అత్తని అడిగుంటే అక్కడికక్కడే వేలిముద్ర వేసేదే" అంది. నిజమే. అవ్వ తెలివిగానే ఉంది, చివరి వారం దాకా అందర్నీ పేరుపెట్టి పిలిచింది. ఆ పదకొండు నెలల్లో ఎప్పుడు తీసుకెళ్ళినా తన వాటా అమ్మకి విడుదల రాసి ఇచ్చేది. అశుభం అని మేమే ఆగాం. అంతకుముందు నాయన రెండు వాక్యాలు రాసి, ఇద్దరు సాక్షులతో సంతకాలు పెట్టించినా ఈ లెక్కే ఉండేది కాదు. స్వార్జితాన్ని, అంటే సొంత సంపాదనతో కొన్నదాన్ని, తనకి నచ్చినవాళ్ళకి నచ్చినట్టు రాసుకునే హక్కు ఆయనకి పూర్తిగా ఉంది.

(ఈ వాటాలు హిందువుల చట్టం ప్రకారం. నాతో పనిచేసే ఇద్దరు టీచర్లతో మాట్లాడాక తెలిసింది, ఒక్కొక్కరికి ఒక్కో లెక్క. క్రైస్తవుల్లో భార్యకి మూడో వంతు, మిగతా రెండు వంతులు పిల్లలకి. పిల్లలుంటే పోయినాయన తల్లికి రాదు. ముస్లింలకి వాటాలు వాళ్ళ ధర్మశాస్త్రం ప్రకారం. వీలునామా రాసినా సాధారణంగా మూడో వంతుకి మించి చెల్లదు, మించితే వారసులు ఒప్పుకోవాలి. కాబట్టి పక్కింటివాళ్ళ వీలునామా చూసి కాపీ కొట్టకండి.)

మేనత్త వెంటనే ఒప్పుకుంది. "నా అన్న కష్టం నాకెందుకే, ఎప్పుడు రమ్మంటే అప్పుడొస్తా" అంది. చిన్నాయన కూడా సరేనన్నాడు. కానీ ఆయన కొడుకు రొయ్యల గుంటల్లో దెబ్బతిని అప్పుల్లో ఉన్నాడు. ముప్పై సెంట్లంటే వాళ్ళకి చిన్న మొత్తం కాదు. కాలువ కింద మాగాణి. చిన్నాయన రేపు మాపు అంటూ వచ్చాడు. ఆయన మీద నాకిప్పుడు కోపం లేదు. చట్టం ఇచ్చిన హక్కు ఆయనది. కానీ ఆ ఏడాదిన్నరలో, పండక్కి వస్తే మా ఇంట్లో భోంచేయకుండా పోని చిన్నాయన గడప దాకా వచ్చి వెళ్ళిపోయేవాడు. అమ్మని అన్నిటికంటే బాధపెట్టింది అదే. చివరికి 2023లో, అవ్వ రెండో ఏడు తద్దినం పెట్టిన మర్నాడు, తనే ఫోన్ చేసి "వదినా, రిజిస్ట్రేషన్ పెట్టుకోండి" అన్నాడు. అప్పు కోసం అన్న వాళ్ళబ్బాయికి చేతనైనంత సర్దాడు. ఎవరూ అడిగింది కాదు అది.

ఈలోపు చిన్నోడి సంగతి వేరే నడిచింది. వాడు మేజర్, కానీ దస్తావేజు మీద సంతకం పెడితే చెల్లదు. మేజరయ్యాక తల్లిదండ్రులు కూడా వాడి తరఫున ఊరికే సంతకం పెట్టడానికి లేదు. ఆ విషయం అమ్మకి ఎంత చెప్పినా ఎక్కలేదు. "నేను కన్నదాన్ని, నాకు వేరే కాగితమా?" అనేది. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, ఒకటికి మించిన వైకల్యాలు ఉన్నవాళ్ళ కోసం 1999లో నేషనల్ ట్రస్ట్ చట్టం వచ్చింది. దాని కింద జిల్లాలో కలెక్టరు అధ్యక్షతన ఒక స్థానిక కమిటీ ఉంటుంది. గార్డియన్‌ని నియమించేది ఆ కమిటీయే. వైకల్య సర్టిఫికెట్, వయసు రుజువు, ఆస్తి వివరాలు పెట్టి అమ్మని గార్డియన్‌గా కోరుతూ అర్జీ పెట్టాం. కాగితాల్లో తప్పులొచ్చి రెండుసార్లు తిప్పి పంపారు. ఒకచోట నాయన ఇంటిపేరు ఒకలా, ఇంకోచోట ఇంకోలా ఉండటం వల్ల. మూడోసారికి ఆర్డర్ వచ్చింది. గార్డియన్ అయినవాళ్ళు ఆరు నెలల్లోపు వాడి ఆస్తి జాబితా ఇవ్వాలి. తర్వాత ఏటా ఆర్థిక సంవత్సరం ముగిశాక మూడు నెలల్లో జమాఖర్చు చూపాలి. ఇలాంటి బిడ్డ ఉన్న ఏ ఇంట్లో అయినా పద్దెనిమిదేళ్ళు నిండగానే ఈ పని చేయించుకోవాలి. అమ్మానాన్న ఇద్దరూ కులాసాగా ఉన్నప్పుడే.

విడుదల దస్తావేజులు రాయించిన రోజు చుట్టాల్లో ఒకాయన నాతో, "పెళ్ళయిన ఆడపిల్లవి, నీకు ఏముందని సంతకం?" అన్నాడు. లాయర్ గారు చెప్పింది అక్కడే ఆయనకి చెప్పాను. తండ్రి స్వార్జితంలో కూతురికి సమాన వాటా 1956 నుంచే ఉంది. తాతల ఆస్తిలో అయితే మన రాష్ట్రం ఎన్టీఆర్ ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు చట్టం మార్చి, 1985 సెప్టెంబరు 5 నాటికి పెళ్ళికాని కూతుళ్ళకి హక్కిచ్చింది. 2005 సెప్టెంబరు 9 నుంచి దేశమంతటా పెళ్ళితో సంబంధం లేకుండా వచ్చింది. ఆ తేదీకి తండ్రి బతికి ఉండాల్సిన పనిలేదని 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చేసింది. నాకు హక్కుంది, ఉందని తెలిసే అమ్మకి రాసిస్తున్నాను, అన్నాను. చిన్నోడి కోసం చేసిన పని అది. ఆడపిల్లలంతా వదులుకోవాలని నేను ఎవరికీ చెప్పను, మా అమ్మాయికి అసలే చెప్పను.

అన్న వంద సెంట్లు, నావి వంద, చిన్నాయన ముప్పై, అత్త ముప్పై, అమ్మ సొంత వాటా తొంభైకి కలిశాయి. మూడున్నర ఎకరాలు అమ్మ పేరు మీద. చిన్నోడి వాటాకి చెయ్యి పెట్టలేదు. తొంభైకి అవ్వ తరఫు పది కలిసి సరిగ్గా ఎకరం, వాడి పేరు మీదే. స్టాంపు ఖర్చు, రిజిస్ట్రేషన్ ఫీజులు అన్నీ అయ్యాక మ్యుటేషన్, అంటే రెవెన్యూ రికార్డుల్లో పేరు మార్పించడం. కొత్త పాస్‌బుక్కులో తన ఫొటో చూసుకుని అమ్మ ఏడ్చింది.

మర్నాడు పొద్దున్నే అమ్మే అంది, "అమ్మాయ్, ఇక నాది రాసేయండి" అని.

డాక్యుమెంట్ రైటర్ ఒకాయన సులువు మార్గం చెప్పాడు. "వీలునామా ఎందుకమ్మా, ఇప్పుడే పిల్లల పేరున సెటిల్‌మెంట్ రాసేయండి, ఇక పని ఉండదు." లాయర్ గారు వద్దన్నారు. సెటిల్‌మెంట్ రాస్తే ఆస్తి ఆ రోజే చెయ్యి దాటుతుంది. తర్వాత మనసు మారినా మామూలుగా వెనక్కి రాదు. వీలునామా అయితే బతికున్నంతకాలం ఆస్తి అమ్మదే. ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు, అన్నిటికంటే ఆఖర్న రాసిందే చెల్లుతుంది. మా వీధిలోనే ఒక ముసలాయన కొడుక్కి ఇల్లు రాసిచ్చి, తర్వాత వసారాలో పడుకోవాల్సి వచ్చింది. తల్లిదండ్రుల్ని చూసుకుంటామన్న షరతుతో రాయించుకుని చూడకపోతే 2007 నాటి వృద్ధుల సంరక్షణ చట్టం 23వ సెక్షన్ కింద ఆ దస్తావేజుని రద్దు చేయించొచ్చు. కానీ ఆ వయసులో ట్రిబ్యునల్‌కి తిరగడం ఎవరికి కావాలి?

అమ్మ కోరిక ఒక్కటే. తన తర్వాత చిన్నోడికి లోటు రాకూడదు. పొలం వాడి పేరున రాస్తే? నోటు విలువ తెలియనివాడి చేతికి మూడున్నర ఎకరాలిస్తే ఎవడో వేలిముద్ర వేయించుకుంటాడు. నాకో, అన్నకో రాస్తే? మా మీద అమ్మకి నమ్మకం ఉంది. కానీ మేమూ మనుషులమే. మేం ముందు పోతే పొలం మా పిల్లలకి పోతుంది, వాళ్ళకి మేనమామ, చిన్నాన్న అంటే మాకున్నంత మమకారం ఉండాలని లేదు కదా. అందుకని వీలునామాలోనే ట్రస్టు పెట్టించారు లాయర్ గారు. ట్రస్టు అంటే టాటాలకో, దేవస్థానాలకో ఉండేదనుకున్నాను అప్పటిదాకా. 1882 నాటి ట్రస్టుల చట్టం కింద మనలాంటివాళ్ళు కూడా సొంత బిడ్డ కోసం పెట్టుకోవచ్చు. వీలునామా ద్వారా పెడితే విడిగా ట్రస్టు దస్తావేజు కూడా అక్కర్లేదు.

అందులో రాసింది ఇది. అమ్మ తదనంతరం మూడున్నర ఎకరాలూ, ఇంట్లో ఆమె వాటా ట్రస్టు కింద ఉంటాయి. ధర్మకర్తలం అన్న, నేను. మాలో ఒకరు లేకపోతే వారి స్థానంలో ఎవరో కూడా పేరుతో ఉంది. కౌలు రాబడితో చిన్నోడి తిండి, బట్ట, వైద్యం జరగాలి, మిగిలింది వాడి పేరున బ్యాంకులో వేయాలి. వాడు బతికున్నంతకాలం పొలం అమ్మకూడదు. వాడి వైద్యానికి తప్పనిసరై అమ్మాల్సి వస్తే ధర్మకర్తలిద్దరూ సంతకం పెట్టాలి. వాడు ఆ ఇంట్లోనే ఉండాలి, ఇల్లు ఖాళీ చేయించే హక్కు ఎవరికీ లేదు. వాడి తర్వాత ఆస్తి అన్న పిల్లలకీ నా పిల్లలకీ సమానంగా పోవాలి. అమ్మ చెప్పి మరీ రాయించిన వాక్యం ఒకటుంది: "ప్రతి రాత్రి పడుకోబోయే ముందు వాడికి ఒక గ్లాసు పాలు ఇవ్వవలెను." లాయర్ గారు నవ్వలేదు, తీసేయనూ లేదు.

కావలసినవి చూస్తే తక్కువే. తెల్లకాగితం మీద రాసినా వీలునామా చెల్లుతుంది, దానికి స్టాంపు డ్యూటీ లేదు. రాసినవాళ్ళు సంతకం పెట్టాలి, ఇద్దరు సాక్షులు అది చూసి తామూ సంతకం పెట్టాలి. అంతే. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. చేయిస్తే రేపు ఎవరైనా కాదన్నప్పుడు బలంగా నిలబడుతుందని చేయించాం. సాక్షుల విషయంలో లాయర్ గారు మూడు మాటలన్నారు. ఆస్తిలో ఏమీ రానివాళ్ళై ఉండాలి. అమ్మకంటే చిన్నవాళ్ళై ఉండాలి, ఎందుకంటే రేపు కోర్టులో రుజువు చేయాల్సి వస్తే కనీసం ఒక సాక్షి అయినా వచ్చి చెప్పాలి. ఊరొదిలి పోనివాళ్ళై ఉండాలి. అమ్మకి ఎప్పట్నుంచో చూసే డాక్టరు ఒకరు, మా ఎదురింటి కుర్రాడు ఒకడు. డాక్టరు గారు అమ్మకి మతి స్థిమితంగా ఉందని అదే తేదీతో సర్టిఫికెట్ కూడా రాసిచ్చారు.

2024 ఫిబ్రవరిలో రిజిస్ట్రార్ ఆఫీసుకి వెళ్ళాం. అమ్మ పట్టుచీర కట్టుకుంది. ఎందుకమ్మా అంటే, "మీ నాయన ఆస్తి కదే" అంది. లోపల అధికారి మమ్మల్ని బయట నిలబడమని, అమ్మని ఒక్కదాన్నే కూర్చోబెట్టి అడిగాడు. తలుపు తీసే ఉంది, వినబడుతూనే ఉంది. "ఏం రాశారమ్మా ఇందులో?" "నా చిన్నబిడ్డ కోసం రాశా." "ఎవరైనా రాయమన్నారా?" "లేదయ్యా, నేనే రాయించా." "చదువు వచ్చా?" "సంతకం వచ్చు. చదివి వినిపించారు." ఒక్కో పేజీ కింద పేరులో ఒక్కో అక్షరం ఒత్తి పట్టి రాసింది. ఐదు పేజీలకి పావుగంట పట్టింది. వెనక జనం ఉన్నా ఎవరూ తొందరపెట్టలేదు. వేలిముద్ర వేశాక బొటనవేలి సిరా తల్లో రాసుకుని బయటికొచ్చింది.

రిజిస్టరు చేశాక అమ్మ బతికున్నంతకాలం ఆ వీలునామా నకలు ఇంకెవరికీ ఇవ్వరు, ఆమెకో ఆమె తరఫు మనిషికో తప్ప. ఆమె తర్వాత అడిగినవాళ్ళకి ఇస్తారు. మేం మాత్రం అందరికీ ముందే చెప్పేశాం. అన్న ఫోన్‌లో వదినకీ పిల్లలకీ చదివి వినిపించాడు. చిన్నాయనకి అమ్మే చెప్పింది. దాచిపెడితేనే అనుమానాలు.

అదే వారం అమ్మ ఖాతాలన్నిటికీ నామినీలు రాయించాం. నామినీగా ఎవరి పేరుంటే డబ్బు వాళ్ళకే సొంతం అనుకునేదాన్ని. అది పొరపాటు. బ్యాంకు డిపాజిట్లలో నామినీ డబ్బు తీసుకోవడానికే, దక్కాల్సింది వారసులకి లేదా వీలునామాలో రాసినవాళ్ళకి. షేర్ల విషయంలోనూ సుప్రీంకోర్టు 2023 డిసెంబరులో ఇదే చెప్పింది. అందుకని వీలునామాలో పేర్లూ నామినీ పేర్లూ పొంతన కుదిరేలా చూసుకున్నాం. 2025 నవంబరు 1 నుంచి బ్యాంకు డిపాజిట్‌కి నలుగురి దాకా నామినీలని పెట్టుకోవచ్చు.

మా ఆయన, నేను కూడా కూర్చున్నాం ఒక ఆదివారం. ఫ్లాటు, లోను, బీమా, బంగారం గంటలో రాసేశాం. మాకిద్దరికీ ఒకేసారి ఏదైనా అయితే పిల్లలు ఎవరి దగ్గర ఉండాలనే చోట ఆగిపోయాం. అమ్మ పెద్దది. అన్న బెంగళూరు. మా ఆడపడుచుకి ముగ్గురు పిల్లలు. రెండు వారాలు మాట్లాడుకున్నాం, మధ్యలో ఒకరోజు మాటలే లేవు. ఆఖరికి ఆడపడుచునే అడిగాం. "ఇంత ఆలోచించారా, నన్ను ముందే అడగొచ్చు కదా వదినా" అంది. ఆ కాగితం కూడా సంతకాలై బీరువాలో ఉంది.

ఈ మార్చిలో కోతలయ్యాక ఊరెళ్ళాను, చిన్నోడి జమాఖర్చు రాయడానికి. అమ్మ ఒక నోట్‌బుక్కు పెట్టుకుంది. మొదటి పేజీలో "చిన్నోడి ఎకరం" అని రాసుంది, అన్న రాసిచ్చిన అక్షరాలు. కింద అమ్మ వేసిన అంకెలు. కౌలుదారు ఇచ్చిన డబ్బు, మందుల షాపు చీటీలు పిన్ను కొట్టి, రెండు చొక్కాలు, ఒక జత చెప్పులు, పాలవాడి నెల బిల్లు. నేను ఒక్కో చీటీ చదువుతుంటే అమ్మ కూడుతోంది. చిన్నోడు వాకిట్లో కూర్చుని లారీకెత్తే వడ్ల బస్తాలు లెక్కపెడుతున్నాడు. వాడికి ఇరవై దాకా వచ్చు, ఆ తర్వాత మళ్ళీ ఒకటి నుంచి.